నల్లవన్నీ ఇంటికే

ఆ గొంతులో వంక పెట్టడానికి ఏమీ లేదు. చుక్కమ్మకి ఒళ్ళు మండింది అందుకే. తొందర లేదు, గొప్ప లేదు, ఒక్కో మాటా కడిగి ఆరబెట్టినట్టుంది. వంటింట్లో గిన్నెలు తోముతున్న చుక్కమ్మ కొళాయి కట్టేసి మరీ వింది.

“కెపాసిటర్‌ని చిప్ పక్కకి జరుపమ్మా. అంత దూరాన పెడితే అది ఉన్నా లేనట్టే,” అంటోంది ఫోన్లోంచి ఆ గొంతు. “సెల్ వేడెక్కితే పసిగట్టే సెన్సర్ ఒకటి అంటించు. ఛార్జింగ్ కరెంటు కాస్త తగ్గించు, ఆ చిన్న పెట్టెలో వేడి పోయే దారి లేదు. మిగతాదంతా చక్కగా ఉంది. గీసిన బొమ్మ చూస్తుంటేనే తెలుస్తోంది, నీది నిదానమైన చెయ్యి.”

ముందుగదిలో కూతురు తలెత్తకుండా రాసుకుంటోంది. ముప్ఫై రెండేళ్ళ మనిషి. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. అలాంటిది బడిపిల్లలా నాలిక కొస బయటపెట్టి మరీ రాసుకుంటోంది.

“ఎవరే ఆవిడ?” అంది చుక్కమ్మ గుమ్మంలోకి వచ్చి.

“టీచరమ్మ గారమ్మా. చెప్పాగా.”

చెప్పింది. ఇప్పటికి పదిసార్లు చెప్పింది. వేరే ఊళ్ళో ఏదో కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడట. సరదాకి సర్క్యూట్లు చేసుకునేవాళ్ళు తొమ్మిదిమంది ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకుంటే, వాళ్ళు గీసి పంపినవన్నీ చూసి తప్పొప్పులు చెబుతుందట. మొహం ఎవరూ చూడలేదట. వచ్చే శనివారం మాత్రం అందరూ కంప్యూటర్ల ముందు కూర్చుని, ఎవరు చేసింది వాళ్ళు చూపించాలట. గ్రూపులో అందరూ ఆవిణ్ణి టీచరమ్మ అనే పిలుస్తారు.

ఆ పిలుపే చుక్కమ్మకి గొంతులో ముల్లు. టీచర్ అనొచ్చు, మేడమ్ అనొచ్చు. చివర్న ఆ అమ్మ ఎందుకు?

“వేడి పోయే దారి లేదని నేనూ అన్నాను,” అంది.

“ఎప్పుడు?”

“నువ్వా కళ్ళద్దాల పెట్టె తెచ్చినరోజే. ఇందులో వాటికి ఊపిరాడదే అన్నానా లేదా?”

“నువ్వు అన్నింటికీ ఊపిరాడదనే అంటావమ్మా. నా గది కిటికీ మూసినా అదే మాట, సీసాకి మూత పెట్టినా అదే మాట. ఏది నిజంగా ఊపిరాడనిదో నాకెలా తెలుస్తుంది?”

చుక్కమ్మ మళ్ళీ వెళ్ళి కొళాయి తిప్పింది.

కూతురు చేస్తున్నది పవర్‌బ్యాంకు. గట్టి కళ్ళద్దాల పెట్టె ఒకటి తీసుకుని, అందులో వేలెడంత సెల్స్ రెండు పక్కపక్కన పెట్టి, వాటికి ఛార్జి ఎక్కించే బోర్డు, ఆ ఛార్జిని ఫోనుకి ఇచ్చే బోర్డు అమర్చి, షాపు నుంచి తిరిగొచ్చేటప్పుడు ఫోన్ ఆరిపోకుండా చూసుకోవాలని. కూతురు ఇంటికి రావాలంటే రెండు బస్సులు మారాలి. రెండో బస్సు ఎక్కేసరికి ఆ పాత ఫోన్ ప్రాణం పోతుంది. చుక్కమ్మ చేస్తే స్విచ్ఛాఫ్ అని వస్తుంది. ఆ మాట చెవిన పడగానే ఆమె వెళ్ళి గుమ్మంలో నిలబడుతుంది. కూతురికి ఆరేళ్ళప్పుడు ఇంటాయన ఒక సాయంత్రం టార్చిలైటుకి సెల్స్ తెస్తానని వెళ్ళి బస్సెక్కాడు. ఏ ఊళ్ళో దిగాడో ఇప్పటికీ తెలియదు.

“బజార్లో దొరుకుతాయి కదే,” అని మొదట్లో అంది చుక్కమ్మ.

“కొన్నదాని వెనకవైపు చూడగలమా? నీ మాటే కదా అది,” అంది కూతురు.

ఆ మాట చుక్కమ్మదే. ఆమె ముప్ఫై ఒక్క ఏళ్ళు రేడియోల ఫ్యాక్టరీలో లైన్లో కూర్చుని, కరిగించిన సీసం చుక్కలతో తీగలు అతికే సోల్డరింగ్ పని చేసింది. ఆమె పెట్టిన చుక్క వానబొట్టులా గుండ్రంగా, మెరుస్తూ, ఒక్క తోక లేకుండా ఉండేది. సూపర్‌వైజరు కొత్తవాళ్ళని తీసుకొచ్చి, “ఇదిగో, చుక్కంటే ఇది,” అని చూపించేవాడు. అలా చుక్కమ్మ అయింది. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు తనే వెనక్కి తిరిగి చూడదు. చదువు ఐదో క్లాసు దగ్గర ఆగింది. ఆ తర్వాతదంతా బోర్డుల మీది అక్షరాలూ, విడిభాగాల పొట్లాల్లో మడిచి పెట్టే కాగితాలూ కూడబలుక్కుని నేర్చుకున్నదే. ఫ్యాక్టరీ మూసిన రోజు, పక్కబల్ల మీద ఇరవై ఏళ్ళు మోచెయ్యీ మోచెయ్యీ తగిలేలా కూర్చున్న మనిషి, “రేపు వస్తాలే మీ ఇంటికి,” అని బస్సెక్కింది. అంతే. ఆ రేపు రాలేదు.

ఇంటాయన వెళ్ళిపోయిన ఏడాదే కూతురి చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇచ్చింది చుక్కమ్మ. చిన్న బల్బు, ఒక సెల్, రెండు తీగలు. “ఎర్రతీగలో కరెంటు పనికి వెళ్తుంది. నల్లతీగలో ఇంటికి తిరిగొస్తుంది. తిరిగి రాకపోతే దీపం వెలగదు. ఇదొక్కటే గుర్తుపెట్టుకో. నల్లవన్నీ ఇంటికే.” అని, బోర్డు అడుగంచున లావుపాటి రాగితీగ ఒకటి ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిచి, “ఇది ఇంటితీగ. ఎక్కడి నల్లతీగనైనా తెచ్చి దీనికి అతికించేయ్, ఇంక తప్పిపోదు,” అంది. పిల్ల ఇల్లంతా గంతులేస్తూ, నల్లవన్నీ ఇంటికే, నల్లవన్నీ ఇంటికే అని పాడింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ చెయ్యి ఏ బోర్డు చేసినా ముందు ఇంటితీగ పరిచాకే తక్కిన పని.

ఇంకో అలవాటు కూడా ఉంది. బోర్డు అయ్యాక కూతురు దాన్ని బోర్లా తిప్పి అమ్మ ముందు పెట్టేది. “వెనక చూడమ్మా.” ముందువైపు ఎవరైనా చూడొచ్చు, అక్కడ అన్నీ ముద్దుగానే ఉంటాయి. నిజం వెనకవైపే. చుక్కమ్మ భూతద్దం పెట్టుకుని, ఒక్కో చుక్కా వేలితో తాకి, ఏ తీగ ఎక్కడికి పోతోందో చూసి, చివరికి “ఊఁ” అనేది. ఆ ఊఁ వినబడ్డాకే కరెంటు. ఇరవై ఆరేళ్ళలో అది తప్పలేదు.

ఇప్పుడు బోర్డు ఇంకా పుట్టకముందే, కాగితం మీది బొమ్మగా ఉన్నప్పుడే, మొదటి చూపు పరాయి ఊరికి పోతోంది.

పక్కింటి దర్జీ ఆవిడ కొలతల టేపు మెళ్ళో వేసుకుని కిటికీ దగ్గరికి వచ్చి అడిగింది. “ఏంటి పిన్నీ, మొహం అలా ఉంది?”

“ఏముంది, మా అమ్మాయికి గురువు దొరికింది. పొద్దున లేస్తే ఆవిడ జపమే.”

“అయితే మీకు సవతి వచ్చిందన్నమాట!” అని పకపకా నవ్వింది దర్జీ. “మొగుడి పక్కన వచ్చే సవతిని చూశాను గానీ, కూతురి పక్కన వచ్చినదాన్ని ఇదే చూడటం.”

“నోర్ముయ్యవే,” అంది చుక్కమ్మ. నవ్వాననుకుంది గానీ పెదవులు కదల్లేదు.

ఆదివారం మధ్యాహ్నానికి బోర్డు పూర్తయింది. కూతురు దాన్ని బోర్లా తిప్పి బల్లమీద పెట్టింది. “వెనక చూడమ్మా,” అంది, అలవాటు ప్రకారమే. కానీ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. కళ్ళు గోడమీద ఎక్కడో ఉన్నాయి. చెవిలో మాట్లాడుతున్నది ఎవరో అడగక్కర్లేదు.

చుక్కమ్మ దీపం దగ్గరికి లాక్కుని భూతద్దం పెట్టుకుంది. చుక్కలు బాగున్నాయి. అన్నీ గుండ్రంగా, అన్నీ మెరుస్తూ. తన చుక్కలే అనిపించేలా ఉన్నాయి. ఎర్రతీగల వెంట వేలు పోనిచ్చింది, సరిపోయింది. నల్లతీగల వెంట పోనిచ్చింది. అక్కడ వేలు ఆగిపోయింది.

సెల్స్‌కీ బయటి ప్రపంచానికీ మధ్య ఒక కాపలా చిప్ ఉంటుంది. నెల కిందట కూతురు దాని కాగితం ఇస్తే చుక్కమ్మ మూడుసార్లు చదివింది. సెల్ నుంచి వచ్చే నల్లతీగ కాపలాకి ఈ వైపు. బయటికి పోయే నల్లతీగ ఆ వైపు. కాపలా నడుమ నిలబడి చూస్తుంటుంది. సెల్ మరీ ఖాళీ అవుతున్నా, ఎక్కడైనా తీగలు కలిసి కరెంటు వరదలా పారబోయినా, ఆ నల్లదారిని టక్కున మూసేస్తుంది. అందుకని ఈ ఒక్కచోట నల్లవి రెండూ కలవకూడదు. కాగితం మీది బొమ్మలో కూతురు వాటిని విడివిడిగానే గీసింది. కానీ చెయ్యి మాత్రం పాత పాటే పాడింది. అంచున ఇంటితీగ పరిచి, ఈ నల్లదాన్నీ ఆ నల్లదాన్నీ తెచ్చి దానికే అతికించేసింది. కాపలావాడు తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు, పక్కన గోడ లేదు.

చుక్కమ్మ నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే కూతురు ఫక్కున నవ్వింది. ఇయర్‌ఫోన్‌కి ఉన్న చిన్న మైకు పెదవుల దగ్గరికి పట్టుకుని, “మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో టీచరమ్మా!” అంది.

చుక్కమ్మ నోరు మూసుకుంది.

“బాగుంది,” అంది. బోర్డుని కూతురి వైపు తోసింది.

ఎందుకలా అంది అంటే ఆమె దగ్గర జవాబులు చాలానే ఉన్నాయి, ఆ సాయంత్రమంతా వాటిని తిరగేస్తూ కూర్చుంది. సెల్స్ కొత్తవి, మంచివి. పిల్ల రోజూ నింపుకుంటుంది, అడుగంటా ఖాళీ అయ్యేది ఉండదు. పెట్టె గట్టిది. పైగా ఎన్నాళ్ళని? శనివారం దాకానే. శనివారం అందరి ముందూ ఆ మహాతల్లి, “అంతా చక్కగా ఉందమ్మా,” అంటుంది. అప్పుడు తను వెనకనుంచి వంగి, నెమ్మదిగా, ఆవిడ గొంతు కంటే నెమ్మదిగా, “మరి ఆ రెండు నల్లవి కలవొచ్చా టీచర్‌గారూ?” అని అడుగుతుంది. ఆ మాటని గిన్నెలు సర్దుతూ నాలుగైదు రకాలుగా అని చూసుకుంది. ప్రతిసారీ బాగానే వచ్చింది.

పవర్‌బ్యాంకు పని చేసింది. చక్కగా చేసింది. అదే దాని మోసం. కాపలా లేని ఇల్లు దొంగ వచ్చేదాకా అన్ని ఇళ్ళలాగే ఉంటుంది.

సోమవారం సాయంత్రం చుక్కమ్మ ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తింది కూతురు. “చూశావా? రెండో బస్సులో ఉన్నాను, డెబ్భై శాతం ఉంది! ఇంక నువ్వు గుమ్మంలో నిలబడక్కర్లేదు.”

“సంచిలో పెట్టావా దాన్ని?”

“ఒళ్ళో పెట్టుకున్నాను. వెచ్చగా ఉంది, పిల్లికూనలా.”

ఆ వెచ్చదనం మామూలుదా? ఫోన్ పెట్టేశాక కూడా గుమ్మంలోనే నిలబడింది.

మంగళవారం పొద్దున, “ఇవాళ దాన్ని ఇంట్లో ఉంచేయరాదే,” అంది. “నీ కోసమే కదమ్మా చేసింది,” అని కూతురు పెట్టెని సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. ఆ సంచిలో తాళంచెవులు ఉంటాయి, చిన్న స్క్రూడ్రైవర్ ఉంటుంది, ఇనప మొలలు కూడా ఉంటాయి. చుక్కమ్మ మధ్యాహ్నం అన్నం సగమే తింది. శనివారానికి ఇంకా నాలుగు రోజులు.

ఆ రోజుల్లో ఆమెకి ఇంకో పాడు పని అలవాటయింది. కూతురి ఫోన్లోని గ్రూపు ఇంట్లో కంప్యూటర్లో కూడా తెరుచుకుంటుంది. కూతురు అటు వెళ్ళగానే ఇటు కుర్చీ లాక్కుని కూర్చుని, ఆవిడ పంపిన మాటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వినేది. ఎక్కడైనా విసుక్కుంటుందేమో, ఎక్కడైనా తడబడుతుందేమో అని. ఎక్కడా లేదు. ఎవడో కుర్రవాడు అదే తప్పు మూడోసారి చేసినా, “ఫర్వాలేదు, నాలుగోసారి నవ్వుకుంటావు,” అంది. ఇరవై ఆరేళ్ళలో తను ఎన్నిసార్లు ఫర్వాలేదు అంది? ఊఁ తప్ప ఇంకేమైనా అందా?

కూతురి మాటలు మాత్రం ఎప్పుడూ వినలేదు. కన్న గొంతే కదా, అందులో వినేదేముంది అనుకుంది.

బుధవారం వేలు జారింది. ఆవిడ మాట అనుకుని దాని పక్కనున్న ఇంకో మాట నొక్కింది. ఆదివారం పొద్దున్నే కూతురు పంపిన మాట అది.

దానికి పైన టీచరమ్మ రాసిన మాట ఉంది. చుక్కమ్మ కూడబలుక్కుని చదివింది. “బొమ్మ సరే. బోర్డు వెనకవైపు ఫొటో కూడా పంపు. వైరింగ్ చూడకుండా సరే అనడం నాకు ఇష్టం ఉండదు.”

దాని కింద కూతురి గొంతు. “వెనకవైపు అక్కర్లేదండీ. అది మా అమ్మ చూస్తుంది. మా అమ్మ ఊఁ అందంటే ఇంక దేవుడొచ్చి చూడక్కర్లేదు. మీరు నవ్వుతారేమో గానీ, మా ఇంట్లో అంతే. అసలు మీకు బొమ్మ ఎందుకు ముందు పంపుతున్నానో తెలుసా? అమ్మ ముందు తప్పులతో పెట్టాలంటే నాకు సిగ్గండీ. చిన్న తప్పులన్నీ మీ దగ్గర దిద్దుకుని, అప్పుడు పెడతాను.”

ఆ తర్వాత ఆవిడ గొంతు, నవ్వుతూ, “సరే అయితే. అమ్మ చూస్తే నేను చూసినట్టే.”

చుక్కమ్మ ఇంకోసారి వినలేదు. వినక్కర్లేకపోయింది. కూతురికి ఫోన్ చేసింది. రింగవుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. షాపులో పనివేళ ఫోన్ సంచిలోనే ఉంటుంది, ఆ సంచిలోనే అదీ ఉంటుంది. చెప్పులు ఏ కాలివి ఆ కాలికి వేసుకుందో లేదో చూసుకోకుండా తలుపు దగ్గరికి లాగి బయటపడింది.

“పిన్నీ, ఎక్కడికి? తాళం!” అని దర్జీ అరుస్తూనే ఉంది.

రెండు బస్సులు. మొదటి బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినా కూర్చోలేదు. కూర్చుంటే బస్సు నెమ్మదిగా పోతుందేమో అన్నట్టు కడ్డీ పట్టుకుని నిలబడింది. రెండో బస్సులో ఒక చోట పొగ కనబడితే ఊపిరి బిగబట్టింది. అది రోడ్డు పక్కన ఎవరో ఎండుటాకులు తగలబెడుతున్న పొగ.

షాపులో అద్దాల అరల వెనకనుంచి ఒక అమ్మాయి, “మీ కళ్ళకేనా అమ్మా?” అని లేచింది.

“నా కూతురికి,” అని చుక్కమ్మ ఆగకుండా వెనకగదిలోకి నడిచింది.

అరగదీసే చక్రం మీద నీళ్ళు పడుతున్నాయి. కూతురు చక్రం ఆపి, పెద్ద కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుంది. “అమ్మా! ఏమైంది? ఎవరికేమైంది?”

“ఎవరికీ ఏమీ కాలేదు. నీ సంచి ఏది?”

మేకుకి వేలాడుతోంది. చుక్కమ్మ అందులోంచి పెట్టె తీసి, తెరిచి, బొటనవేలి గోరుతో ఒక సెల్‌నీ, తర్వాత రెండో సెల్‌నీ వాటి గూట్లోంచి పైకి లేపింది. బల్లమీద అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డలు ఉంటే, దేన్ని దానికి విడిగా చుట్టి, ఒకటి ఈ చివర ఒకటి ఆ చివర పెట్టింది. అప్పుడు గాని ఆమెకి ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్ళలేదు.

“రాత్రే కదమ్మా నింపింది!” అంది కూతురు తెల్లబోయి.

“రెండు నల్లవి కలిశాయి. సెల్‌దీ, బయటదీ. కాపలా చిప్ ఊరికే కూర్చుని ఉంది.”

కూతురు బోర్డు తిప్పి చూసింది. ఎంతో సేపు పట్టలేదు. “ఇంటితీగ,” అంది మెల్లిగా. “అయ్యో. నా చెయ్యి తగలెయ్యా. బొమ్మలో సరిగ్గానే గీశాను కదా!” తర్వాత తలెత్తి తల్లిని చూసింది. ఆ చూపులో ఉన్నదంతా మెచ్చుకోలే. “ఇంట్లో కూర్చుని ఇవాళ తట్టిందా నీకు? అంత దూరం పరిగెత్తుకొచ్చావా దీని కోసం?”

తట్టింది అంటే చాలు. ఆ ఒక్క మాటతో ఇరవై ఆరేళ్ళ పీట మళ్ళీ తనదవుతుంది. పొద్దున్నుంచి, కాదు, నెలరోజుల నుంచి ఆమె కోరుకుంటున్న చూపు అదే, ఎదురుగా ఉంది.

“ఆదివారమే చూశాను,” అంది చుక్కమ్మ.

చక్రం మీదినుంచి నీటిచుక్కలు పళ్ళెంలో పడుతున్నాయి.

“ఆదివారం నువ్వు ఊఁ అనలేదు,” అంది కూతురు. “బాగుంది అన్నావు. నువ్వెప్పుడూ బాగుంది అనవు. మురిసిపోయాను నేను.”

“ఊఁ.”

“ఇప్పుడనకు! మూడురోజులు దీన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులెక్కానమ్మా.”

“తెలుసు.”

“తెలుసా?”

“మీ గ్రూపు మాటలు కూడా విన్నాను. రోజూ వింటున్నాను.”

“ఎందుకమ్మా?” కోపం ఇంకా రాలేదు ఆ గొంతులోకి, ముందు అర్థం కావడానికే తంటాలు పడుతోంది.

“ఆవిడ అమ్మ ఎందుకయింది?” అంది చుక్కమ్మ.

“ఎవరు?”

“ఆ టీచరమ్మ.”

కూతురు నవ్వలేదు, ఏడవలేదు. నుదుటిమీది జోడు మళ్ళీ కళ్ళమీదికి దించుకుంది. “నువ్వింటికి వెళ్ళు. నేను సాయంత్రం వస్తాను.”

“ఫోన్లో ఎంతుంది?”

“పదిహేను.”

ఆ సాయంత్రం స్విచ్ఛాఫ్ అని వచ్చింది. బస్సు వచ్చే వేళ దాటిపోయింది. తర్వాతి బస్సూ పోయింది. చుక్కమ్మ గుమ్మంలోంచి మలుపు దాకా, మలుపులోంచి బస్టాపు దాకా వెళ్ళి నిలబడింది. టార్చిలైటు సెల్స్, రేపు వస్తాలే, అన్నీ ఆ పక్కనే వచ్చి నిలబడ్డాయి. మూడో బస్సులోంచి కూతురు దిగింది. తల్లిని చూసి కూడా పలకరించకుండా ముందు నడిచింది. చుక్కమ్మ నాలుగడుగుల వెనక నడిచింది. అలా అయినా సరే, ఇద్దరూ ఒకే ఇంటికి నడుస్తున్నారు కదా అనుకుంది.

శుక్రవారం దాకా ఆ ఇంట్లో కావలసిన మాటలే నడిచాయి. శుక్రవారం అన్నం దగ్గర కూతురు అంది, “రేపు నువ్వే చెప్పు. నాతో అన్నట్టే చెప్పు.”

శనివారం కంప్యూటర్లో తొమ్మిది గళ్ళు, తొమ్మిది మొహాలు. పదో గడిలో టీచరమ్మ. చుక్కమ్మ ఊహించిన మనిషి కాదు. పల్చటి మనిషి, మెడ కాస్త పక్కకి వాలి ఉంది, జోడు ఒక కాడకి దారం చుట్టి ఉంది. తన ఈడే.

కూతురు బోర్డు వెనకవైపు కెమెరాకి చూపించి పక్కకి తప్పుకుంది. అందరి ముందూ అనాలని చుక్కమ్మ నాలుగు రకాలుగా అనుకుని పెట్టుకున్న చోటు అదే.

“రెండు నల్లవి కలిశాయండీ. నల్లవన్నీ ఇంటికే అని దీనికి చిన్నప్పుడు నేర్పింది నేనే. అన్ని బోర్డులకీ అది చెల్లదని నేర్పలేదు. ఆదివారం చూశాను. చూసి చెప్పలేదు.”

“ఎందుకండీ చెప్పలేదు?” అని అడిగింది టీచరమ్మ. అదే గొంతు, అదే నిదానం.

“మీ గొంతు బాగుంటుంది,” అంది చుక్కమ్మ.

ఏ గడిలోనో ఎవరో కిసుక్కుమన్నారు. టీచరమ్మ నవ్వలేదు. దారం చుట్టిన జోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. “తప్పు నాది కూడా. అమ్మ చూస్తుందనగానే వదిలేశాను. చూడకుండా సరే అన్నది నేనే. ఇకమీదట వెనకవైపు నాకూ పంపాలి. మీరు చూసినా సరే, నేనూ చూస్తాను. ఏమంటారు?”

అది అడగడం కాదు, చెప్పడమే. ఇన్నేళ్ళూ తన ఒక్కదానిదే అయిన వెనకవైపు చేతిలోంచి జారిపోయింది. ఎవరూ లాక్కోలేదు, తనే జార్చుకుంది. చుక్కమ్మ తలూపింది. ఆ ఒళ్ళుమంట మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, అది తలూపితే పోయేది కాదు.

ఆదివారం కూతురు ఇంటితీగని నడిమికి కోసింది. సెల్ నల్లతీగ ఇటు, బయటి నల్లతీగ అటు. మధ్యలో గోరంత ఖాళీ. ఐరన్ తల్లి చేతికి ఇవ్వలేదు. చుక్కమ్మ అడగలేదు, దీపం పట్టుకుని నిలబడింది. పనయ్యాక కూతురు బోర్డుని బోర్లా తిప్పి బల్లమీద పెట్టింది. ఏమీ అనకుండానే ఫోన్ తీసి ఫొటో కొట్టింది. వేలు పంపే గుర్తు మీద పెట్టి ఆగింది.

“పంపనా?”

చుక్కమ్మ భూతద్దం కంటికి పెట్టుకుని వంగింది. నల్లతీగల వెంట వేలు పోనిచ్చింది. ఖాళీ దగ్గర ఆగి, గోరు పెట్టి చూసి, ముందుకు పోయింది.

“ఆగు. ఆ మూల చుక్క బూడిదరంగులో ఉంది. వేడి చాల్లేదు దానికి. మళ్ళీ కరిగించి అప్పుడు ఫొటో తియ్యి.”

“అది గట్టిగానే ఉందమ్మా. లాగి చూశాను.”

“ఉంటే ఉండనీ. పరాయి మనిషి చూసేది. మన చుక్కలు ఇలా ఉంటాయనుకోదూ ఆవిడ?”

కూతురు పెదవి బిగించింది. బిగించినా ఆగలేదు, బుధవారం తర్వాత మొదటిసారి నవ్వు బయటికొచ్చింది. ఐరన్ మళ్ళీ వేడి పెట్టి, ఆ చుక్కని కరిగించింది. అది ఒక్క క్షణం వణికి, గుండ్రంగా ముడుచుకుని, మెరిసింది.

“ఊఁ,” అంది చుక్కమ్మ. “ఇప్పుడు పంపు.”